గుట్టను త్రవ్వక అడవి ఉల్లిని పెంచు విధానము

ఫాల్గుణము గడచి చైత్రము వచ్చునప్పటికి మన మెట్టప్రాంతముల గుట్టలపై పచ్చదనము మాసిపోవును. గడ్డి యెండును. నేల గట్టిపడి బీటలు వారును. అట్టి సమయమున ఎఱ్ఱని గరుసునేలనుండి, చుట్టును ఒక్క ఆకైనను లేకుండ, సన్నని పూలకాడ యొకటి నిటారుగా పైకి వచ్చుట పశువుల కాపరులందరు ఎరిగినదే. మూరెడు మొదలు రెండు మూరల వరకు ఎదుగు ఆ కాడకు ఎడమెడముగా చిన్న గంటల వంటి పూవులు వ్రేలాడును. ఈ మొక్కనే మన పల్లెలలో అడవి ఉల్లిగడ్డ యనియు, నక్కఉల్లిగడ్డ యనియు పిలుచుచుందురు. సంస్కృతమున దీనికి వనపలాండువని పేరు.

గులాబివలె, చేమంతివలె దూరమునుండి చూపరుల నాకర్షించు పూవు కాదిది. మట్టిరంగు కలిసిన తెలుపు, అందు కొంత ఆకుపచ్చని చాయ. దగ్గర కూర్చుండి చూచినగాని దాని సొగసు తెలియదు. అయినను తొలకరికి రెండు నెలలు ముందుగా, నీటిబొట్టు లేని నేలపై పూచు ఈ మొక్క మన గుట్టలకు సొంతమైన సంపద. ఇది ఔషధము, ఇదియే విషమును. దీని గడ్డను కొనువారు కలరు. కావున త్రవ్వువారును కలరు. ఈ పాఠమున మేము చెప్పదలచిన ముఖ్యవిషయ మొక్కటే. గుట్టపైనున్న గడ్డను గుట్టకే విడిచి, విత్తనములనుండియు పిల్లగడ్డలనుండియు ఈ మొక్కను పెంచవచ్చును. అట్లు పెంచినదానిలో కొంత గుట్టకు తిరిగి ఇయ్యవచ్చును. ఈ పని ఏ చిన్న పంచాయతీ కైనను సాధ్యమైనదే.

ఒక గుట్ట కథ

మెట్టప్రాంతమున ఒక గ్రామమును మేము కొన్ని సంవత్సరములుగా చూచుచున్నాము. ఊరికి తూర్పున పంచాయతీ పోరంబోకులో చిన్న గుట్ట కలదు. పూర్వము ఆ గుట్ట వాలుపై వసంతకాలమున అడవి ఉల్లి కాడలు వరినారువలె నిలిచి యుండెడివని పెద్దలు చెప్పుదురు. ఒక వేసవిలో వ్యాపారి యొకడు వచ్చి, గంపకింత యని వెలకట్టి గడ్డలు కొనెను. పనులు లేని కాలమగుటచే ఇంటికొకరు పలుగు పట్టుకొని గుట్టకు పోయిరి. మరు వేసవియందును, ఆపై వేసవియందును అట్లే జరిగెను. నాలుగవ వేసవిలో వ్యాపారి రాలేదు. వచ్చినను కొనుటకు గడ్డలు లేవు.

మేము సర్పంచి గారితో కలిసి ఆ గుట్టపై నడచుచుండగా మేకలు కాయు ముసలమ్మ యొకతె ఎదురయ్యెను. "అవ్వా, పూలకాడ లేవీ కానరావేమి?" అని సర్పంచి గారడిగిరి. ఆమె యిట్లు చెప్పెను: "అమ్ముకొంటిమి గదా నాయనా. మొదటియేడు పెద్దగడ్డలు పోయె. రెండోయేడు నడిమివి పోయె. మూడోయేడు గోలీకాయంత గడ్డను గూడ ఇడిసిపెట్టకపోతిమి. ఇంక పూసేదేముంది?"

ఆమె మాటలో వ్యవసాయశాస్త్ర మంతయు ఇమిడియున్నది. పెద్దగడ్డలే పూచును, పూచినవే విత్తనమిచ్చును. వానిని తీసిన తోడనే గుట్టకు విత్తనము కరవగును. నడిమి గడ్డలు మరు సంవత్సరములలో పూయవలసినవి. వానిని తీసినచో రాబోవు వసంతములు పోవును. చిన్నగడ్డలను గూడ తీసినపుడు వంశమే తెగిపోవును. రైతు తన విత్తనపు గాదెను ఏ కరవులోనైనను చివరి గింజ వరకు ఖాళీచేయడు. గుట్ట విషయమున ఆ జాగ్రత్త తీసికొనువారు లేకపోయిరి. ఎందుకనగా ఆ గాదె యెవరిదో ఎవరికిని తెలియదు. అది పంచాయతీది.

మొక్కను గుర్తించుట

ముందుగా పేరు విషయము. 1781 మొదలు సామర్లకోటలో పనిచేసి మన తీరప్రాంతపు వృక్షజాతులను విస్తారముగా పరిశీలించిన విలియం రాక్సుబర్గు అను శాస్త్రజ్ఞుడు ఈ మొక్కకు సిల్లా ఇండికా అని పేరు పెట్టెను. ఆయన 1815లో మరణించిన పిమ్మట, 1832లో అచ్చయిన గ్రంథమున ఈ పేరు కలదు. తరువాత అర్జీనియా ఇండికా యని వ్యవహరించిరి. 1977 నుండి డ్రిమియా ఇండికా యను పేరు వాడుకలోనికి వచ్చెను. పాత ఔషధగ్రంథములలో అర్జీనియా యని కనిపించినను అది ఈ మొక్కయే యని సభ్యులు గ్రహింపవలెను. మన దేశముననే గాక ఆఫ్రికా ఖండమునను ఇది సహజముగా పెరుగును.

నేలలో నుండు గడ్డ 5 నుండి 10 సెంటీమీటర్ల పొడవు కలిగి, తెల్లని పొరలతో అచ్చముగా ఉల్లిగడ్డను పోలియుండును. ఇక్కడనే ప్రమాదమున్నది. ఉల్లికిని దీనికిని గల భేదములను ప్రతి గృహిణియు, ప్రతి బాలుడును తెలిసికొనవలెను.

మొదటిది వాసన. ఉల్లిపొరను నలిపినచో ఘాటైన వాసన వచ్చును. అడవి ఉల్లికి ఆ వాసన లేదు. దాని రసము జిగురుగా నుండి చేతికి దురద కలిగించును. ఏ కారణముచేతను రుచి చూచి గుర్తింపరాదు.

రెండవది ఆకు. ఉల్లి ఆకు గుండ్రముగా, లోపల డొల్లగా నుండును. అడవి ఉల్లి ఆకు బల్లపరుపుగా, పట్టీవలె నుండి, 15 నుండి 45 సెంటీమీటర్ల వరకు పొడవు పెరుగును.

మూడవది పూవు. ఉల్లిపూవులు కాడచివర బంతివలె గుమిగూడియుండును. అడవి ఉల్లిపూవులు కాడ పొడవునను ఒక్కొక్కటిగా, ఎడముగా, క్రిందికి వంగి పూచును.

వానలో కూర్చిన కూడు వేసవిలో పూవగును

ఈ మొక్క జీవనక్రమము తెలియనిదే దానిని పెంచుట సాధ్యముకాదు. సామాన్యముగా మొక్కలు ముందు ఆకు వేసి, పిదప పూచును. అడవి ఉల్లిలో ఈ వరుస తలక్రిందులుగా కనిపించును. చైత్ర వైశాఖములలో పూలకాడ వచ్చును. పూవులు రాలి కాయలు పండి పగిలిన తరువాత, తొలకరి జల్లులు పడగానే ఆకులు వచ్చును. వర్షాకాలమంతయు ఆ ఆకులు ఎండను, నీటిని గ్రహించి ఆహారమును తయారుచేసి గడ్డలో దాచును. వానలు వెనుకపట్టిన పిమ్మట ఆకులు పసుపుపచ్చనై యెండిపోవును. అటుపై గడ్డ నిద్రించును. మరల వసంతమున, ఆ దాచిన ఆహారముతోనే, నేలనుండి నీరు కోరకయే పూలకాడను పంపును.

ఇందుండి మనము నేర్వవలసిన సూత్రములు మూడు. పచ్చగానున్న ఆకును కోయరాదు. కోసినచో మరు వసంతమున పూవు ఉండదు. నిద్రించు గడ్డకు నీరు పోయరాదు, పోసినచో కుళ్లును. కాయలు పండి విత్తనము రాలునంతవరకు పూలకాడను విరువరాదు. విరిచినచో ఆ యేటి విత్తనము పోవును.

మేము చేసిన పొరపాటు

పైన చెప్పిన గుట్ట కథ విన్న తరువాత ఆ గ్రామపంచాయతీవారు మొక్కను తిరిగి పెంచుటకు పూనుకొనిరి. అదే సమయమున సమీపమున ఒక మార్గమును వెడల్పుచేయుటకై ఒక రైతు సొంతభూమిలోని గట్టును చదునుచేయుచుండిరి. యంత్రము క్రింద నలిగిపోవలసిన గడ్డలను, ఆ రైతు అనుమతితో, ఏరి తెచ్చితిమి. మొత్తము 36 గడ్డలు దొరికెను.

వానిలో 24 గడ్డలను పాఠశాల తోటలో బావిప్రక్కన నాటితిమి. అది నల్లరేగడి. పిల్లలు శ్రద్ధతో దినదినము నీరు పోసిరి. మేమును వారిని మెచ్చుకొంటిమి. వర్షాకాలమున ఆకులు బాగుగనే వచ్చెను. కార్తికమున ఆకులు పండుబారగా, మొక్కలకు నీరు చాలలేదని తలచి, మరింత పోయించితిమి. మాఘమున ఒక గడ్డను త్రవ్వి చూడగా మెత్తబడి, దుర్వాసన కొట్టుచుండెను. 24 గడ్డలలో 19 కుళ్లిపోయెను. ఆ దోషము పిల్లలది కాదు. సంవత్సరచక్రమును తెలిసికొనకయే పాఠము చెప్పిన మాది.

మిగిలిన 12 గడ్డలను, స్థలము చాలక, పాఠశాల వెనుకనున్న గరుసుదిబ్బపై పాతియుంటిమి. వానికి ఎవ్వరును నీరు పోయలేదు. మరు వర్షాకాలమున వానిలో 11 ఆకులు వేసెను. ఆ దిబ్బయే మాకు నిజమైన గురువయ్యెను. ఇకపై చెప్పు విధానము దానివద్ద నేర్చినదే.

గడ్డలను సంపాదించుట

గుట్టనుండి గడ్డలను త్రవ్వి తోట వేయుట ఇంటికప్పు పీకి పందిరి వేయుటవంటిది. రిజర్వు అడవినుండి అనుమతి లేక త్రవ్వి తెచ్చుట నేరము గూడ. కావున మూడు మార్గములు మాత్రమే తగినవి.

మొదటిది, రోడ్లు, క్వారీలు, ఇండ్లస్థలముల కొరకు చదునుచేయబడు నేలలలో నశింపనున్న గడ్డలను, భూమి గలవారి అనుమతితో రక్షించి తెచ్చుట. గ్రామమున అట్టి పని ఏది ప్రారంభమైనను ముందుగా తెలియునది పంచాయతీకే. పని మొదలగుటకు ముందు ఒక దినము పొలముగట్లు తిరిగి చూచిన చాలును.

రెండవది, పిల్లగడ్డలు. బలిసిన గడ్డ ప్రక్కన చిన్నగడ్డలు పుట్టుట కలదు. మన మడిలో పెరిగిన గడ్డలను, ఆకులు పూర్తిగా యెండి నిద్రించు సమయమున మెల్లగా త్రవ్వి, పిల్లలను వేరుచేసి, తల్లిగడ్డను తిరిగి పాతవలెను.

మూడవది విత్తనములు. ఇది అన్నిటికంటె నెమ్మదియైన మార్గము, అన్నిటికంటె ఉత్తమమైన మార్గము. దీనివలన గుట్టకు నష్టము స్వల్పము; మొక్కల సంఖ్య ఎంతైనను పెంచవచ్చును.

నేల తయారీ, నాటుట

ఎఱ్ఱగరుసు, ఇసుక కలిసిన చలక, తీరప్రాంతపు ఇసుకనేల ఈ మొక్కకు అనుకూలములు. నీరు నిలుచు పల్లపుభూములు పనికిరావు. నల్లరేగడి గల గ్రామములలో 30 సెంటీమీటర్ల ఎత్తున మడి కట్టి, అందు గరుసును, ముతక ఇసుకను, మట్టిని సమపాళ్లుగా కలుపవలెను. మడి వాలుగా నుండి, పడిన వాన వెంటనే జారిపోవలెను. పచ్చి పెంటయెరువు వేయరాదు. అది కుళ్లును ఆహ్వానించును. బాగుగా చివికిన ఎరువును కొద్దిగా కలిపిన చాలును.

గడ్డలను నాటుటకు రోహిణి కార్తె తగిన సమయము. అప్పటికి పూత, కాపు ముగిసియుండును. ఆకు ఇంకను రాదు. గాయపడిన గడ్డలను నాటుటకు ముందు నాలుగైదు దినములు నీడలో ఆరనిచ్చి, గాయము మానిన పిమ్మటనే పాతవలెను. గడ్డకు గడ్డకు 30 సెంటీమీటర్ల ఎడముంచవలెను. వేళ్లు వచ్చు అడుగుభాగము క్రిందికి, మెడ పైకి నుండునట్లు నిలిపి, మెడపై రెండు వ్రేళ్ల మందమున మట్టి కప్పవలెను. నాటిన వెంటనే నీరు పోయవలసిన పనిలేదు; మృగశిర జల్లు దానిని మేల్కొలుపును.

వర్షాకాలమున కలుపు తీయుటయే ముఖ్యమైన పని. వానలు మూడు నాలుగు వారములు ఎగవేసి ఆకులు వాడుచున్నచో వారమున కొకసారి తడి యియ్యవచ్చును. ఆకులు పండుట మొదలైన తోడనే నీటిని పూర్తిగా ఆపవలెను. ఎండిన ఆకులు తమంతట తాము ఊడివచ్చువరకు వానిని లాగరాదు. ఆకులు పోయిన తరువాత మడిపై మొక్క కనిపించదు. కావున నాలుగు మూలల రాళ్లు పాతి గుర్తు పెట్టవలెను. గుర్తు లేని మడిని ఖాళీస్థలమని తలచి త్రవ్వివేయుట మేము చూచితిమి.

విత్తనములనుండి పెంచుట

పూవులు రాలిన కొలది దినములకు మూడు అరలు గల కాయలు ఏర్పడును. అవి యెండి గోధుమరంగుకు తిరిగి పగిలినపుడు, లోపల పలుచని, నల్లని విత్తనములు కనిపించును. అవి మిక్కిలి తేలికయగుటచే గాలికి కొట్టుకొనిపోవును. కాయ పగులబోవు సమయమును కనిపెట్టి, కాడపై పలుచని గుడ్డసంచి కట్టినచో విత్తనములు దక్కును. గుట్టపై సేకరించునపుడు ప్రతి నాలుగు కాడలలో ఒక్కదాని విత్తనము మాత్రమే తీయవలెను. తక్కినవి గుట్టవి.

విత్తనములను ఎక్కువకాలము నిలువచేయక, ఆ యేటి తొలకరికే విత్తుట మంచిది. అడుగున రంధ్రములు గల మట్టితొట్లలో ఇసుకను, ఎఱ్ఱమట్టిని చెరిసగము కలిపి నింపి, విత్తనములను పలుచగా చల్లి, వానిపై అతిపలుచగా ఇసుక జల్లవలెను. నీటిని ధారగా పోయక చిలకరింపవలెను. మొలకలు సన్నని గడ్డిపోచలవలె నుండును. కలుపు తీయు కూలీలు వానిని గడ్డి యని భ్రమించి పీకివేయుట సర్వసాధారణము. తొట్టిపై పేరు వ్రాసిన పలక నుంచవలెను.

మొదటి రెండు సంవత్సరములు మొక్కలను తొట్టెలోనే ఉంచి, పిదప మడికి మార్చవలెను. విత్తిన గింజ పూచుటకు కొన్ని వర్షాకాలములు పట్టును. ఒక పాలకవర్గము విత్తిన విత్తనము తరువాతి పాలకవర్గపు కాలమున పూయుట సంభవము. చింతచెట్టు నాటిన పూర్వులు ఆ లెక్క చూచుకొనలేదు గదా.

విషము: జాగ్రత్తలు

అడవి ఉల్లిగడ్డలో హృదయముపై తీవ్రముగా పనిచేయు పదార్థములు కలవు. మధ్యధరా సముద్రతీరమున పెరుగు ఇదే జాతి గడ్డను ప్రాచీనకాలమునుండి ఔషధముగా వాడుచుండిరి. దానికి బదులుగా మన దేశపు గడ్డను, కఫమును వెడలించు ఔషధముగా, ఆధునిక వైద్యులు గూడ స్వీకరించిరి. అయితే మందుకును విషమునకును నడుమ గల హద్దు మిక్కిలి సన్ననిది. కొలత తప్పినచో వాంతులు, విరేచనములు, కడుపునొప్పి కలిగి, నాడి మందగించి, గుండె లయ తప్పి, ప్రాణాపాయము కలుగవచ్చును. కావున దగ్గుకని, ఆనెలకని ఇంటివైద్యమున ఈ గడ్డను వాడరాదు.

గడ్డలను ముట్టుకొనువారు చేతులకు తొడుగులు ధరింపవలెను. గడ్డలో సూదులవంటి సన్నని స్ఫటికములుండి చర్మమునకు గ్రుచ్చుకొనుటచే దురదయు, మంటయు పుట్టును. పని ముగిసిన పిమ్మట సబ్బుతో చేతులు కడుగుకొనవలెను. కడుగక కన్నులు తుడుచుకొనరాదు. గడ్డలను వంటయింట గాని, ఉల్లిపాయలు నిలువచేయుచోట గాని ఎన్నడును ఉంచరాదు. మడికి కంచె వేసి, "విషపు గడ్డ: తినరాదు" అని పెద్ద అక్షరములతో పలక కట్టవలెను. ఆకలిగొన్న పశువులను మడిలోనికి పోనీయరాదు.

ఎవరైనను పొరపాటున తిన్నచో వాంతి చేయించుటకు ప్రయత్నింపక, నాటుమందులతో కాలము వ్యర్థముచేయక, 108 వాహనమును పిలిచి వెంటనే ఆసుపత్రికి చేర్పవలెను. తిన్న గడ్డ ముక్కను గూడ వెంట తీసికొనిపోయినచో వైద్యులు విషమును త్వరగా గుర్తింపగలరు.

ఈ సంగతులను గ్రామసభలో చెప్పినపుడు ఒక వార్డుసభ్యుడు లేచి, "అయ్యా, ఇంత విషపు మొక్కను మనంతట మనము ఊరిలో పెంచుటెందుకు?" అని అడిగెను. తగిన ప్రశ్న. దానికి మరియొక సభ్యురాలు సమాధానమిచ్చెను: "గన్నేరు విషము కాదా అన్నా? ఉమ్మెత్త విషము కాదా? గుడిముందు గన్నేరున్నది, గట్టుమీద ఉమ్మెత్తయున్నది. అవి విషమని పుట్టినప్పటినుండి వినుచున్నాము గనుక ఎవరమును తినము. ఈ గడ్డ సంగతి మన పిల్లలకు చెప్పినవారే లేరు." గుట్టపై ఎక్కడనో ఒక గడ్డ ఉండకపోదు. దానిని చూపి చెప్పుటకు ఊరిలో ఒక మడి యుండుట పిల్లలకు రక్షణయే యని సభ నిశ్చయించెను. అయితే మడిని పాఠశాల ఆవరణలో గాక, పంచాయతీ కార్యాలయము వెనుక కంచె లోపల ఉంచవలెనని తీర్మానించిరి. దిబ్బపై గల గడ్డలను, బావివద్ద మిగిలిన వానిని అచ్చటికి మార్చితిమి. ఆ ప్రశ్న అడిగిన సభ్యుడే నేడు ఆ మడి తాళపుచెవిని దగ్గర నుంచుకొనియున్నాడు.

పంచాయతీకి గల అధికారములు

ఇట్టి పనులు పంచాయతీ పరిధిలోనివి కావని కొందరు తలతురు. అది సరికాదు. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణచే చేర్చబడిన పదునొకండవ షెడ్యూలులోని 29 అంశములలో సామాజిక అడవుల పెంపకమును, చిన్నతరహా అటవీ ఉత్పత్తులును కలవు. షెడ్యూల్డు ప్రాంతములలో 1996 నాటి పెసా చట్టము చిన్నతరహా అటవీ ఉత్పత్తులపై గ్రామసభకును, పంచాయతీకిని యాజమాన్యమును కల్పించినది.

2002 నాటి జీవవైవిధ్య చట్టము ప్రకారము ప్రతి స్థానికసంస్థయు ఒక జీవవైవిధ్య యాజమాన్య కమిటీని ఏర్పరుపవలెను. గ్రామమున గల మొక్కలు, జంతువులు, వానికి సంబంధించి ప్రజలకు గల తెలివిడి ఒక రిజిస్టరులో వ్రాయబడవలెను. వ్యాపారము కొరకు తన పరిధిలో ఇట్టి వనరులను సేకరించువారిపై రుసుము విధించు అధికారము ఆ కమిటీకి కలదు. 2023లో జరిగిన సవరణ సాగుచేసిన ఔషధ మొక్కలకు కొన్ని మినహాయింపులిచ్చి, అవి సాగుచేసినవే యని తెలుపు మూలధ్రువపత్రము నిచ్చు పనిని గూడ ఈ కమిటీకే ఒప్పగించినది. కావున గుట్టనుండి త్రవ్విన గడ్డ ఏదో, మడిలో పెంచిన గడ్డ ఏదో చెప్పవలసినవారు మనమే. రిజిస్టరులో వ్రాతలేనిచో ఏమని చెప్పగలము?

మేము చూచిన గ్రామమున రిజిస్టరు ఉన్నది. అందు అడవి ఉల్లి పేరు లేదు. మూడు వేసవులలో గుట్ట ఖాళీయైనను, పోయినదేమో చూపుటకు ఒక్క పంక్తియైనను లేకపోయెను. ఇప్పుడు ఆ మేకల అవ్వను పిలిపించి, ఆమె చెప్పగా వ్రాయించిరి: గుట్ట ఏ వాలున ఎన్ని కాడలుండెడివో, ఏ నెలలో పూచెడివో, ఎవరెవరు కొనిరో. సభ్యులు తమ గ్రామములలో ఇట్టి వృద్ధులు ఉన్నప్పుడే ఈ పని చేయవలెను.

కార్తెలవారీగా చేయవలసిన పనులు

అశ్విని, భరణి కార్తెలలో గుట్టపై పూలకాడలను లెక్కించి రిజిస్టరులో వ్రాయవలెను. త్రవ్వకము జరుగుచున్నదేమో చూడవలెను.

కృత్తిక కార్తెలో పండిన కాయలను కనిపెట్టి, నాలుగింట ఒక కాడ విత్తనము సేకరింపవలెను.

రోహిణి కార్తెలో మడులు సిద్ధపరచి, రక్షించి తెచ్చిన గడ్డలను, పిల్లగడ్డలను నాటవలెను.

మృగశిర, ఆరుద్ర కార్తెలలో తొట్లలో విత్తనములు విత్తవలెను. కొంత విత్తనమును గుట్ట వాలుపై రాళ్లసందులలో చల్లవలెను.

పునర్వసు మొదలు హస్త వరకు కలుపు తీయుచు, ఆకులను కాపాడవలెను.

చిత్త, స్వాతి కార్తెలనుండి ఆకులు పండుట గమనించి నీటిని ఆపవలెను. మడికి గుర్తురాళ్లు పాతవలెను.

ఆపై ఉగాది వరకు మడిని ముట్టరాదు. ఏమియు చేయకుండుటయు ఈ సేద్యమున ఒక పనియే.

ముగింపు

పోయిన చైత్రమున ఆ గ్రామమునకు పోయితిమి. పంచాయతీ కార్యాలయము వెనుక మడిలో 7 పూలకాడలు నిలిచియుండెను. వానిపై తేనెటీగలు మూగుచుండెను. తొట్లలో మూడవయేటి మొక్కలు నిద్రించుచుండెను. గుట్టపై చల్లిన విత్తనములు గత వర్షాకాలమున గడ్డిపోచలవలె మొలచినవని మేకల అవ్వ చెప్పెను. ఆ వాలున మేకలను తోలుట ఆమె మానుకొన్నది. గుట్టపై పూవు మాత్రము ఇంకను రాలేదు. అది మరి కొన్ని వానలకు గాని రాదు.

మేము మాటలాడుచుండగా ఒక వ్యక్తి ద్విచక్రవాహనముపై వచ్చి, గడ్డలు దొరకునా యని అడిగెను. సర్పంచి గారు రిజిస్టరు తెప్పించి, అతని యెదుట తెరచి, గుట్ట గడ్డలు అమ్మకమునకు లేవనియు, మడిలోనివి పెరిగిన పిదప కమిటీ తీర్మానముతో మాత్రమే ఇయ్యబడుననియు చెప్పిరి. అతడు వెడలిపోయెను. అతడు ఆనాడు పొరుగూరికే పోయి యుండవచ్చును. పొరుగూరి పంచాయతీలో ఆ రిజిస్టరు ఉన్నదా, అందు ఈ మొక్క పేరున్నదా యనునదే ప్రశ్న.

సభ్యులందరు రానున్న గ్రామసభలో ఈ విషయమును చర్చకు పెట్టి, తమ గుట్టలపై అడవి ఉల్లి ఎన్నిచోట్ల కలదో తెలిసికొని వ్రాయింతురుగాక. పలుగు గుట్టకు చేరకముందే ఆ లెక్క పంచాయతీకి చేరవలెను.